కోటగుమ్మం మీద గచ్చు కొట్టిన వేసవి

మా వైపు కోట చూడడానికి వచ్చే పిల్లలందరూ గుమ్మం కింద నిలబడి తలెత్తి కమాను చూస్తారు. కమానుకి రెండు పక్కలా చెక్కిన ఏనుగుల్ని చూస్తారు. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ కమాను మీద నగారా గది ఉంది, ఆ గదికి ఒక కప్పు ఉంది. దాని సంగతి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచి కప్పుకి లక్షణం. కారే కప్పు గురించే లోకం మాట్లాడుకుంటుంది.

ఆ కప్పు మీద గచ్చు కొట్టింది మా ఆడవాళ్ళ జట్టు. జట్టుకి పెద్దని నేను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నేను రెండో తరగతి దాకా చదివాను. అక్షరాలు వచ్చేశాయి కదా, ఇంక బడెందుకని మా నాయన మాన్పించేశాడు. ఆ కాస్త చదువునీ పొదుపుగా వాడుకుంటూ ఇంత దూరం వచ్చాను. ఇంకా కొంచెం మిగిలింది. దాన్ని ఈ నాలుగు మాటలకి ఖర్చు పెడుతున్నాను.

మిక్సరు తిప్పి, పొద్దున్న పోసిన కప్పు సాయంత్రానికి బిగిసిపోవడం చూసిన పిల్లలు మీరు. మీకు గచ్చు పని ఏమిటో తెలియదు. గానుగలో తిప్పిన సున్నం, ఇటుక ముక్కలు కలిపి కప్పు మీద జానెడు మందాన పరుస్తారు. ఆ తర్వాత ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని, చేతిలో ఇమిడే చెక్కలతో దాన్ని కొడతారు. బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చిలకరిస్తూ రోజుల తరబడి కొట్టాలి. చెక్క వేస్తే అది చేతిని ఎదురు తన్నాలి. అప్పటిదాకా గచ్చు అయినట్టు కాదు. సగం కొట్టి వదిలేస్తే, పెట్టిన సున్నం అంతా గోదాట్లో పోసినట్టే.

ఈ కొట్టుడుకి ప్రాణం పాట. ఒక మనిషి పాట ఎత్తుకుంటుంది, మిగతా వాళ్ళు అందుకుంటారు, చెక్కలన్నీ ఒక్కసారి పడతాయి. వీధి చివర నిలబడి వింటే ఒక్క మనిషే కొడుతున్నట్టు ఉండాలి. మా జట్టు పేరంతా దాని మీదే నిలబడింది. కోటబొమ్మాళిలో కోమట్ల మిద్దెలు చాలా వాటికి మేమే గచ్చు కొట్టాం. ఎవరి దెబ్బయినా వెనకబడితే ఇటుక ముక్క తీసి దాని వీపు మీద విసిరేదాన్ని. పని వేళ కబుర్లాడితే నీళ్ళు మోసే పనికి దింపేసేదాన్ని. నన్ను చూసి భయపడేవాళ్ళు. భయపడకపోతే పని జరగదు.

మా పాట మనిషి నాకంటే చిన్నది, నన్ను అప్పా అని పిలిచేది. దాని గొంతు తాటితోపు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేది. పనిలో మిగతా వాళ్ళకంటే గొప్పదేమీ కాదు, కాని పాట దానిది. అది జ్వరంతో పడుకున్న రోజు మా చేతులు కూడా జ్వరంతో పడుకున్నట్టే ఉండేవి.

ఇంక కోట సంగతి. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరి వాళ్ళు వచ్చి, ఆ గుమ్మం మా తాతలు కట్టారు, నువ్వెవరు అని తగువుకి కూర్చుంటారు. పంతొమ్మిది వందల అరవైలు ముగిసే కాలం అది. లోపలి మహలు ఎప్పుడో కూలిపోయింది. మట్టిగోడలు వానలకి కరిగి గట్లలా మిగిలాయి. రాణులు తిరిగిన చోట చోళ్ళు పండించేవారు. నిలబడి ఉన్నది గుమ్మం ఒక్కటే. భావనపాడు నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్ళు ఎండ వేళ గంపలు దింపుకునేది దాని నీడలోనే. సంతకి వెళ్ళే బళ్ళు దాని కిందినుంచే వెళ్ళేవి. పెళ్ళికూతురు ఊళ్ళోకి వస్తే ఆ గుమ్మం దాటాకే వచ్చినట్టు లెక్క.

ఒక తుపానుకి నగారా గది కప్పు ఎగిరిపోయింది. నీళ్ళు గోడల్లోకి దిగి కమాను బీటలు వారింది. పెచ్చులు రాలడం మొదలైంది. ఎవరి నెత్తినైనా పడుతుంది, పడగొట్టేసి ఆ రాయి రోడ్డుకి వేసేద్దాం అన్నారు పై అధికారులు. ఒక కుర్ర ఇంజనీరు అడ్డం పడ్డాడు. గోదావరి వైపు మనిషి, మా మాట సగం అర్థమయ్యేది కాదు పాపం. కప్పు వేసి నీళ్ళు లోపలికి దిగకుండా చేస్తే గుమ్మం ఇంకా చాలాకాలం ఉంటుందని వాదించాడు. సరే, వానలు పడేలోపు కప్పు వెయ్యి, దాని మీద నీళ్ళు నిలబెట్టి చూస్తాం, లోపల చెమ్మ కనిపించిందా, గునపాలు దింపుతాం అని పై అధికారి ఒప్పుకున్నాడు. పాత సున్నం గోడల మీద సిమెంటు పొసగదని ఇంజనీరు గచ్చే కావాలన్నాడు. అలా మాకు పిలుపు వచ్చింది.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అన్నాళ్ళూ ఎవరి మిద్దె మీదో, ఎవరికీ కనపడని చోట కొట్టాం. ఇది నలుగురూ నడిచే దారి మీద పని. గుల్ల సున్నం నేనే ఏరి తెప్పించాను. బెల్లం నేనే పగలగొట్టి కుండలో వేశాను, వేరేవాళ్ళ చేతికి ఇస్తే సగం నోట్లోకే పోతుందని.

దూలాలు ఎక్కించి, ఇటుక పేర్చి, పైన గచ్చు పరిచారు. మేము వరసలు కట్టి కూర్చున్నాం. పాట మనిషి గొంతు సవరించుకుని ఎత్తుకుంది. చెక్కలు లేచాయి, పడ్డాయి. ఆ రోజు మా జట్టు కొట్టినంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. ఒక్క దెబ్బ ఇటూ అటూ లేదు. రెండో పాటకి వచ్చేసరికి కింద నుంచి మేస్త్రి కేకలు.

"ఆపండే! ఆపండి! గుమ్మం ఊగతన్నాది!"

మేస్త్రి ముసలాయన, నాకు వరసకి మావ అవుతాడు. ఊరికే కేకలేసే మనిషి కాదు.

"ఏటి మావా, ఏటయినాది?" అన్నాను పైనుంచి తొంగి చూసి.

"ఏటయినాదా? దిగొచ్చి సూడు. మీ సెక్క పడ్డపుడల్లా కమాను పళ్ళు కొరుకుతన్నాది."

దిగి చూశాను. బీటల్లోంచి సున్నం పొడి రాలి ఏనుగుల తలలు తెల్లబడ్డాయి. మేస్త్రి నా చెయ్యి తీసుకుని గోడకి ఆనించాడు. పైన ఉన్నవాళ్ళని మళ్ళీ కొట్టమన్నాడు. గోడ నా అరచేతిలో వణికింది.

ఇంజనీరు చాలాసేపు గోడలు చూసి నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీరు కొట్టడంలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే చిక్కు. అందరి దెబ్బలూ ఒక్కసారే పడుతున్నాయి, ఆ బరువంతా గోడ మీద ఊపుగా దిగుతోంది. సిపాయిలు కూడా పాత వంతెన దాటేటప్పుడు కవాతు మానేసి ఎవరి అడుగు వాళ్ళు వేస్తారు. మీరూ కొట్టండి, కాని కలిసి కొట్టకండి."

నాకు నవ్వొచ్చింది. "అదేటి బాబూ, పని సెడగొట్టడం కూడా ఓ పనేనా? సిటికెలో సేస్తాం."

అంత తేలిక కాదని మధ్యాహ్నానికి తెలిసింది. ముందు పాట ఆపించాను. పాట మనిషికి కోపం వచ్చింది.

"నన్ను నోరు మూసుకోమంటావా అప్పా? మరి నానెందుకు ఇక్కడ? ఇంటికెలిపోతాను."

"ఎలిపోతే ఎలిపో. సెక్క ఇచ్చీసి ఎలిపో."

వెళ్ళలేదు. కప్పు చివరికి పోయి మాకు వీపు పెట్టి కూర్చుంది. పాట ఆగింది, కాని మా చేతులు ఆగిపోయిన పాటలోనే పడుతున్నాయి. పక్క మనిషి చెక్క చప్పుడు వింటే మన చెయ్యి దాంతో కలవడానికి పరుగెడుతుంది. ఏళ్ళ తరబడి నేను ఇటుక ముక్కలు విసిరి నేర్పింది అదే కదా! పొందూరు కోడలు ఒకతె మా జట్టులో ఉండేది. దాని మూటలో వడకడానికి పెట్టుకున్న దూది ఉంది. అందరి చెవుల్లో దూది పెట్టించాను. అయినా పక్కదాని భుజం లేస్తే దీని భుజం లేస్తోంది.

"దూది తీసీసి మాటాడుకోండే!" అని అరిచాను చివరికి. "కబుర్లాడితే సెయ్యి దారి తప్పుద్ది. మాటాడండి!"

చెక్కలు మళ్ళీ ఒక్కసారే పడ్డాయి.

"ఏటి మాటాడాలప్పా?" అంది ఒకతె.

"ఏదో ఒకటి! ఇళ్ళల్లో నేవా మీకు మాటలు?"

"ఉన్నాయి గాని, నువ్వు ఎదురుగుంటే రావప్పా."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మాట రానివాళ్ళకి కూడా తిట్టు వస్తుంది. పాట మనిషి వైపు తిరిగి, అందరికీ వినపడేలా అన్నాను: "అలక్కేం తక్కువ నేదు గాని, మీ ఆడబిడ్డ పెళ్ళిలో పెట్టిన పప్పుసారు గెడ్డలో నీళ్ళలాగ ఉన్నాది. పప్పు ఏ ఒడ్డున ఉన్నాదో ఎతుక్కోలేక ఆకు ముందు నుంచి లేచొచ్చీసినాను."

దాని వీపు గిర్రున తిరిగింది. "నువ్వా సెప్పేది? ఉల్లిపాయ ఎదర పెట్టుకుని, వాసన సూసి అన్నం తిని, మళ్ళీ ఉట్టి మీద దాసుకునే మనిషివి!"

"సుట్టాలొస్తన్నారంటే తాళమేసుకుని పొలానికెలిపోద్ది!" అంది వెనకనుంచి ఇంకొకతె. చెక్క ఆపలేదు.

"కరక్కాయ నీళ్ళు మిగిలితే అట్టుకెల్లి సీరకి రంగేసుకున్నాది!"

"అదొక్కటేనా? బెల్లం కుండ కడిగిన నీళ్ళు మొగుడికి పానకమని పోసినాది!"

ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా బయటకి వచ్చింది. ఎవరి కోపం వాళ్ళది, ఎవరి దెబ్బ వాళ్ళది. ఒకతె కోపంగా రెండు వేస్తే ఒకతె మాట వెతుక్కుంటూ ఒకటి వేసింది. కింద నుంచి మేస్త్రి "అలగే, అలగే! బాగున్నాది, తిట్టండి!" అని కేకలు. ఎప్పుడూ నోరు విప్పని ఒక మనిషి ఉండేది. తల ఎత్తకుండానే అంది: "నా గుంటడికి జొరమొచ్చిన నాడు నన్ను ఇంటికి పంపనేదు నువ్వు." దానికి నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. జవాబు చెబితే తగువు తీరిపోతుంది, తగువు తీరిపోతే చేతులు కలుస్తాయి. తల వంచుకుని నా చెక్క నేను వేస్తూ పోయాను.

అలా కొన్ని రోజులు గడిచాయి. రోజూ పొద్దున్నే ఒక కొత్త తగువు రాజెయ్యాలి. తగువుల్ని కూడా పొదుపుగా వాడాను. ఒక్కొక్కదాన్ని రెండు పూటలకి సాగదీసేదాన్ని. మధ్యాహ్నం చోడి అంబలి తాగేటప్పుడు అందరం ఒకచోటే కూర్చునేవాళ్ళం, ఎవరూ నా మొహం చూసేవారు కాదు. పాట మనిషి మాత్రం పని వేళ తిట్టి, తిండి వేళ నాకు వీపు పెట్టి కూర్చునేది. దానికి నా మీద కోపం పప్పుసారు గురించి కాదని నాకు తెలుసు. పాట లేని పనిలో దాన్ని ఊరికే కూలి మనిషిని చేశాను.

గచ్చు దాదాపు బిగిసింది. ఇంకొక్క పూట గట్టిగా పడితే చాలు. ఆ పొద్దున్న తగువుకి నా దగ్గర సరుకు అయిపోయింది. ఆ మధ్యే పెళ్ళయి జట్టులోకి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. అది ఇంకా ఎవర్నీ ఏమీ అనలేదు. "ఏటే, నీకు నోరు నేదా? నన్నేదో ఒకటను" అన్నాను.

అది పాపం ఎంతో ఆలోచించి, బుద్ధిగా అంది: "నాను కొత్తదాన్ని కదప్పా. నిన్ను తిట్టడానికి నాకింకా ఏటీ దొరకనేదు. పెద్దోళ్ళు ఎవులైనా ఓ తిట్టు అప్పియ్యండి."

అంతే, నవ్వు పుట్టింది. ఒక వరసనుంచి ఇంకో వరసకి పాకింది. నేనూ ఆగలేకపోయాను. ఇన్ని రోజుల కోపమంతా నవ్వయిపోయింది. నవ్వేవాళ్ళ చేతులు పాడేవాళ్ళ చేతులకంటే తొందరగా కలుస్తాయని అప్పుడు తెలిసింది. చెక్కలన్నీ ఒక్కటై పడ్డాయి. కప్పు కింద ఏదో గుభేలుమంది.

కమానులోంచి పెద్ద పెచ్చు ఊడింది. మేస్త్రి చుట్ట ముట్టించుకోవడానికి అప్పుడే పక్కకి తప్పుకున్నాడు కాబట్టి బతికాడు. ఇంజనీరు మెట్లెక్కి పైకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇంక చాలమ్మా. గుమ్మం కోసం మనుషుల్ని పోగొట్టుకోలేను. అందరూ దిగండి. పడగొట్టుకోమని పై వాళ్ళకి నేనే చెబుతాను."

"ఇంకొక్క పూట బాబూ. ఇప్పుడు ఒగ్గేస్తే ఇన్నాళ్ళు కొట్టినదంతా మట్టే."

"పూట కాదు, ఒక్క దెబ్బ కూడా వద్దు. మళ్ళీ అందరూ ఒక్కసారే కలిసి కొట్టరని మీరు మాట ఇవ్వగలరా?"

ఇవ్వలేకపోయాను. నవ్వేసిన వాళ్ళతో తగువు పెట్టుకోవడం బ్రహ్మ తరం కూడా కాదు. చెక్కలు పక్కన పెట్టి ఒక్కొక్కతె లేస్తోంది.

పాట మనిషి లేవలేదు. "కూకోండే అందరూ" అంది. నా జట్టుకి నేను తప్ప ఎవరూ అలా చెప్పింది లేదు. అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"అప్పా, ఒక్క పాట అందరూ పాడితే కదా సెక్కలు కలిసేది. ఎవుల పాట ఆళ్ళు పాడితే?"

"ఎవులి పాట ఏటో ఆళ్ళకి తెలుసేటి? అందరూ నీ పాటే పాడతారు."

"ఆళ్ళకి తెలీకపోతే నాకు తెలుసు."

లేచి మొదటి వరసలో మనిషి దగ్గర కూర్చుంది. "మీ అమ్మది ఏ ఊరే? దంపుడికి ఏటి పాడీది?" అని అడిగి, దాని చెవిలో ఆ పాట రెండు వరసలు అంది. ఆ మనిషి కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు కదిలాయి. పాట మనిషి దాని చెవుల్లో దూది పెట్టి, పక్కదాని దగ్గరికి జరిగింది. ఒకతెకి జోలపాట, ఒకతెకి ఊడుపు పాట, ఒకతెకి గౌరమ్మ పాట, కొత్త పిల్లకి అప్పగింతల పాట. ప్రతిదీ వేరే నడక. ఇన్నేళ్ళూ తన పాటతో మమ్మల్నందర్నీ ఒక తాటి మీద నడిపించిన మనిషి, ఎవరి తల్లి ఊరి పాట వాళ్ళకి పంచిపెడుతోంది. అన్ని ఊళ్ళ పాటలు అది ఎప్పుడు పోగుచేసుకుందో నాకు తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు.

చివరికి నా దగ్గరికి వచ్చింది. "నీకు పాటక్కర్నేదు. తిట్లు పాడుకో" అని నా చెవుల్లో దూది కుక్కింది.

ఇంజనీరుకి ఇష్టం లేదు. మేస్త్రే సర్దిచెప్పాడు. "ముందు ఇద్దరి సేత కొట్టిద్దాం బాబూ. గోడ మీద సెయ్యేసి నానుంటాను. ఊగితే కేకేస్తాను, అందరూ దిగిపోతారు." ఇద్దరు మొదలుపెట్టారు, తర్వాత ఒక వరస, తర్వాత అందరూ. తలలు వంచుకుని, ఎవరి పాట వాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు. దూదిలోంచి కూడా ఆ గోల నాకు వినపడుతూనే ఉంది, సంతలో కోళ్ళగంప బోల్తా పడినట్టు. నేను నాకొచ్చిన తిట్లన్నీ వరసగా పాడుకుంటూ కొట్టాను. కొంతసేపటికి మేస్త్రి మెట్ల మీదికి తల పెట్టాడు. పెదవులు చూసి అర్థం చేసుకోలేక దూది తీశాను.

"గోడ నిద్దరోతన్నాది" అంటున్నాడు.

పొద్దు వాలక ముందే నా చెక్క నా చేతిని ఎదురు తన్నింది.

పైన నున్నటి పూత పూశాం. ఆరాక, నీళ్ళు పోయే తూములు బంకమట్టితో మూసి, గెడ్డ నుంచి కుండలతో నీళ్ళు మోసి కప్పు నింపాం. మర్నాడు పై అధికారి జీపులో వచ్చాడు. పెద్దగా మాట్లాడని మనిషి. నగారా గదిలోకి వెళ్ళి, నాలుగు మూలలూ చూశాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, స్టూలు ఎక్కి, కప్పు అడుగున ఇటుకల మధ్య గట్టిగా అదిమి పట్టాడు. మేమందరం ఆ గది వాకిట్లో గుంపుగా నిలబడ్డాం. కుర్ర ఇంజనీరు మొహం చూస్తే వాడే కప్పు మోస్తున్నట్టు ఉంది. అధికారి రుమాలు తీసి చూశాడు, తిప్పి చూశాడు, చెంపకి ఆనించి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రోడ్డుకి రాయి ఇంకెక్కడైనా చూడండి" అన్నాడు ఇంజనీరుతో. మెట్లు దిగి జీపు ఎక్కి, ఆ గుమ్మం కిందినుంచే వెళ్ళిపోయాడు.

మా పని ఆ తర్వాత ఎన్నాళ్ళో సాగలేదు. సిమెంటు వచ్చింది, చెక్కలు పొయ్యిలోకి పోయాయి. దానికి నేను ఏడవలేదు. చెక్కలు మంచి చింతచెక్కలు, బాగా మండాయి. కాని పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఒక మాట చెబుతాను. మీకు బాగా వచ్చిన పనే ఒక్కోచోట గోడ పడగొడుతుంది. అప్పుడు మీ పక్కన కూర్చున్న మనిషికి ఇంకా ఏమేమి వచ్చో అడగండి. నేనెప్పుడూ అడగలేదు, అదృష్టం బాగుండి పాట మనిషే చెప్పింది.

జీపు వెళ్ళిపోయాక అందరం కమాను కింద నీడలో చేరాం. ఇంజనీరు, మేస్త్రి పైకి వెళ్ళి తూములు విప్పారు. నీళ్ళు గోడ బయటనుంచి ధారగా పడుతున్నాయి.

"ఇప్పుడు పాడొచ్చా అప్పా?" అంది పాట మనిషి.

"పనయిపోనాది కదే, ఇంకెందుకు పాట?"

"పనికి కాదు. ఊరికే."

ఊరికే చేసే పనులు నాకు తెలియవు. కాని వద్దనలేదు. అది కమాను నడిమధ్య నిలబడి ఎత్తుకుంది. ఆ రాళ్ళు దాని గొంతుని పట్టుకుని రెండింతలు చేసి తిరిగి ఇచ్చాయి. మిగతా వాళ్ళు ఒక్కొక్కరుగా అందుకున్నారు. అందరూ ఒకే పాట, ఒకే నడక, ఒక్క గొంతు వెనకబడలేదు. చేపల గంపలు దింపుకున్న ఆడవాళ్ళు లేవడం మరిచిపోయారు. పొద్దు ఇంకా చాలా ఉంది. ఇంట్లో దంచాల్సిన వడ్లు ఉన్నాయి, కుండలు కడగాలి, సున్నం సంచులు ఉతికి ఆరెయ్యాలి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకి వీపు ఆనించి, పాట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.